ఆరో వాయిలో పీచు

ఆమె తలుపు తట్టలేదు. గుమ్మం బయట చెప్పులు విడిచింది, మళ్ళీ తొడుక్కుంది, మళ్ళీ విడిచింది. ఆ చప్పుడు మూడోసారి వినిపించేసరికి గుమస్తా లేచి వెళ్ళి తలుపు తీశాడు.

"లోపలికి రండమ్మా. మీ చెప్పులు ఎటూ తేల్చుకోలేకపోతున్నట్టున్నాయి."

ఆమెకి నలభై అయిదేళ్ళుంటాయి. మోచేతుల దాకా, ఎంత కడిగినా పోని సిమెంటు రంగు. కుర్చీ అంచున కూర్చుని గదినంతా ఒకసారి చూసింది. రెండు బల్లలు, రెండు కుర్చీలు, వచ్చినవాళ్ళకి ఇంకొకటి.

ఆ బల్లల్లో పెద్దదాని వెనక కూర్చున్నాయన డిటెక్టివ్. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఒకప్పుడు బీమా కంపెనీలో ప్రమాదాలు పరిశీలించే ఉద్యోగం చేశాడు. ఆ కంపెనీలోనే గుమస్తాగా ఉన్నతను ఆయనతోపాటే బయటికి వచ్చేసి పద్దెనిమిదేళ్ళుగా ఆయన వెంటే ఉన్నాడు. ఇద్దరికీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేరు. అందుకే ఆదివారం కూడా ఆఫీసు తెరిచి ఉంటుంది. కారణం మాత్రం ఇద్దరూ పైకి అనుకోరు.

"నేను తప్పు చేశానో లేదో మీరు కనిపెట్టి చెప్పాలండీ," అంది ఆమె.

గుమస్తా పెన్ను ఆపాడు. "చెయ్యలేదని నిరూపించమంటారు అందరూ."

"చెయ్యలేదని నాకే తెలీదు కదండీ."

డిటెక్టివ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మొదటినుంచి చెప్పండి. ఏ పని చేస్తారు?"

"సముద్రం ఒడ్డున నడకదారి వేస్తున్నారు కదండీ, దానికి కాంక్రీటు పలకలు పోసే యార్డులో మిక్సరు నడుపుతాను. ఇదివరకు పలకల్లో ఇనప చువ్వలు కట్టేవాళ్ళం. ఉప్పుగాలికి చువ్వలు తుప్పుపట్టి, ఉబ్బి, పలకలు పగిలిపోతున్నాయని ఇంజనీరుగారు నాలుగు నెలల కిందట చువ్వలు మాన్పించేశారు. వాటి బదులు ప్లాస్టిక్ పీచు వేస్తున్నాం. వేలెడు పొడుగు, గట్టి గడ్డిపరకలా ఉంటుంది. వాయికి ఒక సంచీ."

"వాయి అంటే?"

"మిక్సరు ఒకసారి కలిపిందండీ. వంటింటి మాటే. ఒక వాయికి రెండు పలకలు వస్తాయి."

ఆమె చెప్పుకుపోయింది. మూడు రోజుల కిందట లారీలకి ఎక్కించే రోజు. రెండు దుంగల మీద పెట్టి ఉన్న ఒక పలక మీదకి, క్రేను గొలుసులు తగిలించేవాడు ఎక్కాడు. పలక నడిమికి ఫట్‌మని విరిగింది. సగం అతని కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

"మా పక్కింటివాడే. నన్ను అక్కా అంటాడు. ఆస్పత్రికి రోజూ అన్నం పట్టుకెళుతున్నాను. గిన్నె బల్ల మీద పెట్టి, మొహం చూడకుండా వచ్చేస్తున్నాను."

"ఎందుకు చూడరు?"

"విరిగిన చోట ఒక్క పీచు పోగైనా లేదన్నారండీ ఇంజనీరుగారు. అది ఆరో వాయి పలక. ప్రమాదానికి పది రోజుల ముందు నేనే కలిపాను. నేను పీచు వెయ్యడం మర్చిపోయానన్నారు. మర్చిపోయానని రాసి రేపు సాయంత్రానికి సంతకం పెట్టమన్నారు."

"ఖాళీ సంచులు చూస్తే తెలియదా?" అన్నాడు గుమస్తా.

"అదే నా ఖర్మ. ఆ సంచీ కాగితందండీ. సంచీతో సహా మిక్సర్లో పడేస్తాం, తడికి కరిగి అందులోనే కలిసిపోతుంది. వేసినదానికి ఏ గుర్తూ మిగలదు. స్టోర్లో ఉన్నవి చూద్దామంటే, చిరిగినవీ తడిసినవీ ఎవరికి తోచినట్టు వాళ్ళు పారేస్తారు."

"వేసినట్టు మీకు గుర్తు లేదా?"

ఆమె మోచేతి మీది సిమెంటు రంగుని గోటితో గీకింది.

"ఆ రోజు పదకొండు గంటల బస్సుకి మా చెల్లెలు వెళ్ళిపోయిందండీ. ఇరవై రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. నలభై ఒకటో ఏట పెళ్ళయింది. మంచివాడే. దూరం ఊరు. ఆరో వాయి కలుపుతుంటే పదిన్నర. మిక్సరు తిరుగుతోంది, నేను గడియారం చూస్తున్నాను. నాకు గుర్తున్నది అంతే. దింపేసి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి బస్సు కదిలిపోయింది. కిటికీలోంచి దాని మోచెయ్యి కనిపించింది. అదే అనుకుంటున్నాను. ఇంకెవరిదో అయినా కావచ్చు."

గుమస్తా కాగితం మీదికి మరీ వంగిపోయాడు.

"వేసి కూడా వెయ్యలేదని సంతకం పెడితే అది అబద్ధం. వెయ్యకుండానే వేశానని పోట్లాడితే, ఆ కాలు విరగ్గొట్టి బుకాయించినదాన్నవుతాను. ఏదో ఒకటి తెలియాలండీ."

"రోజూ చేసే పనుల్లో ఆ రోజు చెయ్యనిది ఇంకేమైనా ఉందా? బాగా ఆలోచించి చెప్పండి."

"పెద్దదేం లేదు. వాయి దింపాక తాపీ బాబాయికి కాస్త చెయ్యి సాయం చేస్తాను. పలక పైభాగం నున్నగా తియ్యడం ఆయన పని. పీచు కాంక్రీటు మొండిగా ఉంటుంది, తాపీకి అడ్డం పడుతుంది. ఆ రోజు ఆగలేదు."

"పదండి," అని డిటెక్టివ్ గొడుగు అందుకున్నాడు.

*

యార్డులో పని ఆగిపోయి ఉంది. వరసగా అచ్చులు, వాటి పక్కన దుంగల మీద ఆరబెట్టిన బూడిదరంగు పలకలు. గాలి తప్ప కదిలేది లేదు.

ఇంజనీరు ముప్పై నిండనివాడు. చేతిలో ఫైలు, కళ్ళ కింద నలుపు.

"డిటెక్టివ్ ఎందుకండీ దీనికి? మతిమరుపు. మనిషన్నాక మర్చిపోతాం. రాసిస్తే అయిపోతుంది."

"రాసివ్వకపోతే?"

"పీచే పనికిరాదంటారు. మళ్ళీ చువ్వలకి వెళ్ళిపోతారు. పదేళ్ళకి తుప్పు, పదేళ్ళకి పగుళ్ళు. దీనికోసం నేను ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో మీకు తెలీదు."

"అంటే తప్పు పీచుది కాకూడదు, కాబట్టి ఈమెది కావాలి."

ఇంజనీరు ఎర్రబడ్డాడు. "నేనలా అన్లేదు."

"సరే. ఆరో వాయిలో నీళ్ళు ఎక్కువైతే మీకు తెలుస్తుందా?"

"ఎందుకు తెలీదు? ప్రతి వాయీ మిక్సరు దగ్గరే పరీక్షిస్తాను. చిన్న బకెట్టు లాంటి అచ్చులో నింపి బోర్లిస్తే, పల్చగా ఉంటే జారిపోతుంది, గట్టిగా ఉంటే నిలబడుతుంది. ఆరో వాయి చక్కగా నిలబడింది. ఇదిగో, రాసి పెట్టాను."

"అందులో పీచు కనిపించలేదా?"

"వాయి నుంచి తీసేది బకెట్టెడు ముద్ద. నేను చూసేది ఎత్తు." ఫైలు మూసి, "పీచు చూడాలని తోచలేదు," అన్నాడు నెమ్మదిగా.

విరిగిన పలకని ఒక పక్కన పడేశారు. డిటెక్టివ్ దాని ముందు గొంతుకూర్చున్నాడు. విరిగిన మొహం బోడిగా ఉంది, పీచు లేదు. పైఅంచున మాత్రం, బొటనవేలంత మేర, ఆవగింజల్లాంటి మెరిసే చుక్కలు వత్తుగా ఉన్నాయి. ఆయన ఒకదాన్ని గోటితో గిల్లి గుమస్తా చేతిలో పెట్టాడు.

"ఇదేమిటి?"

"కరిగిన ప్లాస్టిక్‌లా ఉందండీ."

"పలకల పైన పొడుచుకొచ్చిన పీచుని తాపీ మేస్త్రీ గ్యాస్ మంటతో కాలుస్తాడు," అన్నాడు ఇంజనీరు. "లేకపోతే నడిచేవాళ్ళ పాదాలకి గుచ్చుకుంటుంది. రోజూ ఉండేదే."

డిటెక్టివ్ లేచి పలక పైభాగం మీద వేలు రాశాడు. వేలికి తెల్లటి పొడి అంటింది. పక్కనున్న మరో పలక మీద ఇంకో వేలు రాశాడు. అది శుభ్రంగా ఉంది. రెండు వేళ్ళూ గుమస్తాకి చూపించాడు. గుమస్తా గొప్ప సంగతేదో తెలిసిపోయినట్టు తలూపాడు. అతనికి ఏమీ తెలియలేదు.

యార్డు చివర రేకుల షెడ్డు. లోపల చువ్వలు వంచే పొడుగాటి బల్ల, దాని మీద చువ్వల మేస్త్రీ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఇనుమైతే విరిగేదా? మీరే చెప్పండి," అన్నాడు పలకరింపు కూడా లేకుండా.

"మీరు సంతోషంగా ఉన్నట్టున్నారు."

"కాలు విరిగితే సంతోషమేమిటండీ, నన్ను పశువనుకున్నారా? ఈ బల్ల చుట్టూ పదకొండుమందిమి ఉండేవాళ్ళం. ఒకడు పాట ఎత్తుకుంటే ఒకడు తిట్టేవాడు. ఇప్పుడు అన్నం డబ్బా మూత తీస్తే ఆ చప్పుడు నాకే ఉలికిపాటుగా ఉంటుంది."

"ప్రమాదం జరిగినప్పుడు ఎక్కడున్నారు?"

"వాణ్ణి లారీ ఎక్కించి అందరం ఆస్పత్రికి వెళ్ళాం. యార్డు చూసుకోడానికి తాపీ ముసలాయన ఉన్నాడు. నేను అరగంటలో వచ్చేశాను. ఒకటే కాలిన కంపు."

"ప్లాస్టిక్ కంపా?"

"ఈ యార్డుకి ఇప్పుడు అదే అగరొత్తు కదా."

తాపీ మేస్త్రీ నీడపట్టున టీ తాగుతున్నాడు. డెబ్భైకి దగ్గర. గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకున్నాడు. చొక్కాకి గుండీలు పెట్టలేదు.

"ఆరో వాయి పలకలు మీరే నున్నగా తీశారా, పెద్దాయనా?"

"ఇక్కడున్నవన్నీ నేను తీసినవే బాబూ. నలభై ఏళ్ళ చెయ్యి."

"ఆరో వాయి మొండిగా ఉందా, లొంగిందా?"

"లొంగింది," అన్నాడు ముసలాయన. తర్వాత టీ వంకే చూస్తూ, "ఆ పిల్ల చాలా మంచిదండీ. దాన్ని ఏమీ అనకండి," అన్నాడు.

"ఇంకా ఎవరూ ఏమీ అనలేదు."

గేటు దగ్గరికి వచ్చాక డిటెక్టివ్ ఇంజనీరుని ఆఖరి ప్రశ్న అడిగాడు. "ఒక వాయికి రెండు పలకలు కదా. రెండోది ఏదీ?"

"అక్కడే ఉంది. పక్కన పెట్టించాను."

"విరగ్గొట్టి చూడలేదేం?"

ఇంజనీరు ఫైలుని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఒకటి విరిగింది చాలదా అనుకున్నాను."

*

మర్నాడు మధ్యాహ్నం అందరూ అచ్చుల దగ్గర చేరారు. ఇంజనీరు, చువ్వల మేస్త్రీ, తాపీ మేస్త్రీ, కొంచెం ఎడంగా మిక్సరు నడిపే ఆమె. ఆమె ఎవరి పక్కనా నిలబడలేదు.

రెండు దుంగల మీద ఒక పలక పెట్టించాడు డిటెక్టివ్. "ఇది అదే రోజు అయిదో వాయిది. చువ్వల మేస్త్రీగారూ, దీని నడిమి మీదకి క్రేనుకి కట్టిన ఆ బరువు దింపించండి."

క్రేను బరువు దింపింది. పలక కిర్రుమంది. అడుగున పగులు విచ్చింది, నడుము కిందికి వంగింది. కానీ ఊడలేదు. పగులు మధ్యలో పీచు పోగులు బిగుసుకుని రెండు ముక్కల్నీ పట్టుకుని ఉన్నాయి.

"ఓరి దీని అమ్మ కడుపు బంగారం గానూ," అన్నాడు చువ్వల మేస్త్రీ తనకి తెలియకుండానే.

"ఇప్పుడు ఆరో వాయిలో మిగిలింది."

బరువు ఇంకా పూర్తిగా ఆననేలేదు. ఫట్‌మని రెండు ముక్కలై కింద పడింది. ఆమె కళ్ళు మూసుకుంది.

"కళ్ళు తెరవండమ్మా. దగ్గరికొచ్చి చెయ్యి పెట్టి చూడండి."

విరిగిన మొహం కింది భాగమంతా బోడిగా ఉంది. కానీ పైన, బొటనవేలంత మందాన, పీచు బ్రష్షులా గుబురుగా నిలబడి ఉంది. ఆమె వేళ్ళతో తడిమింది. ఒకసారి తడిమి, నమ్మక, మళ్ళీ తడిమింది.

"వేశాను," అంది చిన్న గొంతుతో. "వేశానండీ."

"సంచీ మొత్తం వేశారు. అంతా పైకి వచ్చేసింది." డిటెక్టివ్ గుమస్తాకి సైగ చేశాడు. గుమస్తా గాజు సీసాలో నీళ్ళు పోసి, గుప్పెడు పీచు వేసి, చేత్తో అడుక్కి తొక్కి వదిలాడు. పీచంతా పైకి లేచి తేలింది. "ఇది నీళ్ళకంటే తేలిక. కాంక్రీటు గట్టిగా ఉంటే ఎక్కడిది అక్కడ ఇరుక్కుని ఉంటుంది. పల్చనైతే, అచ్చుని కుదుపుతున్నకొద్దీ పైకి పోతుంది. మనిషి ఎక్కితే పలక సాగేది అడుగున. అక్కడ పట్టుకోడానికి ఏమీ మిగల్లేదు."

"కానీ నా పరీక్షలో గట్టిగానే ఉంది!" అన్నాడు ఇంజనీరు.

"మిక్సరు దగ్గర. నీళ్ళు కలిసింది ఆ తర్వాత, అచ్చులో. ఎక్కువైన నీళ్ళు పైకి తేరి, ఆరాక తెల్లపొడి అవుతాయి. నిన్న అది నా వేలికి అంటింది. పక్క పలక మీద లేదు."

"మరి మొదటి పలకలో పీచు లేదు కదా?"

"ఉంది. కాల్చేశారు. విరిగిన మొహం మీద చుక్కలు చూశాం. మీరు రోజూ కాల్చేది పలక పైన. విరిగిన లోపలి మొహాన్ని, విరగకముందు ఎవరు కాల్చగలరు? పైగా ప్రమాదం జరిగింది లారీలకి ఎక్కించే రోజు. కాల్చి సిద్ధం చేసిన పలకలే ఉన్నాయి, మంటతో పని లేదు. అయినా చువ్వల మేస్త్రీగారు ఆస్పత్రి నుంచి వచ్చేసరికి కంపు కొట్టింది. అప్పుడు యార్డులో ఉన్నది ఒక్కరే."

ఎవరూ తాపీ మేస్త్రీ వంక తిరగలేదు. ఆయనే దుంగ మీద కూర్చుండిపోయాడు.

"గుండీలు పెట్టుకోలేని వేళ్ళు," అన్నాడు డిటెక్టివ్, గొంతు తగ్గించి. "మొండి కాంక్రీటుని అదిమి తియ్యలేవు. రోజూ ఈమె వచ్చి సాయం పట్టేది, అందుకే ఇన్నాళ్ళు గడిచింది. ఆరో వాయికి ఈమె లేదు. రెండు పలకలు, ఒక్క మనిషి."

"రెండు బకెట్లు పోశాను," అన్నాడు ముసలాయన. "చువ్వల రోజుల్లో పోసేవాళ్ళమే బాబూ. కాస్త బలం తగ్గేదేమో, చువ్వ మాత్రం కట్టిన చోటే ఉండేది. ఇది లేచి పైకి పోతుందని నాకేం తెలుసు? విరిగినప్పుడు చూశాను. పైనంతా పీచు, కింద ఏమీ లేదు. చూడగానే తెలిసిపోయింది. మంట పట్టుకున్నాను."

"ఈవిడ మీదకి తోసేద్దామనా?" అన్నాడు గుమస్తా కోపంగా.

"కాదయ్యా! పైకి లేచిన పీచు కనపడకపోతే నీళ్ళ సంగతి తెలీదు, పీచే మంచిది కాదంటారు, చువ్వలు మళ్ళీ వస్తాయి, అనుకున్నాను. ఈ పిల్ల మీదకి వస్తుందనుకోలేదు. వచ్చాక చెబుదామనుకున్నాను. పొద్దున చెబుదామని, అన్నాలయ్యాక చెబుదామని, సాయంత్రం చెబుదామని..." ముసలాయన చేతుల వంక చూసుకున్నాడు. "ఈ వేళ్ళ సంగతి తెలిస్తే ఇంటికి పొమ్మంటారు. ఇంటి దగ్గర ఎవరున్నారు? ఆదివారాలు బస్టాండుకి వెళ్ళి, ఎక్కని బస్సులకి టైములు అడుగుతుంటాను. ఎవరో ఒకరు జవాబు చెబుతారు కదాని. ఇక్కడైతే బాబాయ్ అని పిలుస్తారు."

ఇంజనీరు ఫైలు తెరిచి, ఆమె సంతకం కోసం ఉంచిన కాగితాన్ని తీసి నాలుగు ముక్కలు చేశాడు. "నేను కూడా రాస్తాను," అన్నాడు. "విరగ్గొట్టి చూడలేదని." తర్వాత ముసలాయన వైపు చూడకుండా, "పెద్దాయనా, మీరు ఇంక తాపీ పట్టకూడదు," అన్నాడు.

"తెలుసు బాబూ."

చువ్వల మేస్త్రీ వెళ్ళి క్రేను బరువు పక్కకి దింపించే పనిలో పడ్డాడు. మళ్ళీ ఇనుము గురించి ఏమీ అనలేదు.

డిటెక్టివ్ ఆమె దగ్గరికి వచ్చాడు. "మీరు అడిగింది తేలిందిగా?"

"తేలిందండీ. వేశాను." ఆమె ఇంకా ఆ పీచు అంచునే పట్టుకుని ఉంది. "అయినా నేను ఇంకో పావుగంట ఉండి ఉంటే కాలు విరిగేది కాదు."

"దానికి నా దగ్గర జవాబు లేదమ్మా."

పద్దెనిమిదేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం గుమస్తాకి అదే మొదలు. రాసుకోబోయి, పుస్తకం మూసేశాడు.

ఆమె వెళ్ళి ముసలాయన ముందు నిలబడింది.

"ఉండమని ఒక్క మాట అనలేకపోయావా బాబాయ్?"

"తోబుట్టువుని పంపడానికి పరిగెత్తేదాన్ని ఏమని ఆపమంటావే?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన చొక్కా గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. కిందినుంచి పైకి, ఒక్కొక్కటే.

"లే. నాలుగింటికి ఆస్పత్రిలో లోపలికి వదులుతారు. వాడికి నువ్వే చెప్పాలి. నేను పక్కనుంటాను."

"మొహం తిప్పుకుంటాడే."

"తిప్పుకుంటే అటు పక్కకి వెళ్ళి చెబుదువుగాని."

"మళ్ళీ ఇటు తిప్పుకుంటే?"

"కాలికి కట్టేసి పడుకోబెట్టారు బాబాయ్, వాడు మాత్రం ఎన్నిసార్లు తిప్పుతాడు? లే."

ముసలాయన లేవడానికి ఆమె మోచెయ్యి అందించింది. ఇద్దరూ గేటు వైపు నడిచారు. ఆయన నాలుగడుగులకి ఒకసారి ఆగుతున్నాడు. ఆమె కూడా ఆగుతోంది. గోడ మలుపు దాకా ఆమె ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు.